జేమీటర్‌కి మెమరీ, జీసీ సెట్టింగులు: ఏళ్లుగా వాడుతూ తేలింది ఇది

నెల్లూరులో మా చిన్న టీమ్ చేసేది రొయ్యల రైతుల యాప్. 30 కౌంట్, 50 కౌంట్ రేటు మారిందని తెలిస్తే చాలు, రైతులు, ఏజెంట్లు అందరూ ఒకేసారి తెరుస్తారు, అందుకని లోడ్ టెస్ట్ తప్పదు. దానికి మేం మొదటి నుంచీ జేమీటరే వాడుతున్నాం, చాలామంది యూజర్లలా సర్వర్‌కి ఒకేసారి రిక్వెస్టులు పంపి జవాబుకి ఎంత టైమ్ పట్టిందో కొలిచే టూల్ అది. టూల్ మీద నాకు ఫిర్యాదేమీ లేదు. డిఫాల్ట్ 1 జీబీ హీప్ (జావా ప్రోగ్రాం వాడుకునే మెమరీ) మీదే వేల థ్రెడ్లు (ఒక్కోటీ ఒక నకిలీ యూజర్) వదిలి, ఆనక సర్వర్ స్లో అని రిపోర్టు పంపేవాళ్లతోనే తంటా.

జేమీటర్ కూడా జావా ప్రోగ్రామే కదా. సర్వర్ జవాబు ఇచ్చేసినా, ఆ క్షణాన ఇక్కడ జీసీ (గార్బేజ్ కలెక్షన్, అంటే అవసరం తీరిన మెమరీని ఖాళీ చేసే పని) కోసం థ్రెడ్లన్నీ ఆగి ఉంటే గడియారం మాత్రం తిరుగుతూనే ఉంటుంది, ఆ ఆలస్యమంతా సర్వర్ ఖాతాలో పడుతుంది. పైగా ఆ కాసేపూ కొత్త రిక్వెస్టులు వెళ్లవు కాబట్టి సర్వర్‌కి తీరిగ్గా ఊపిరి పీల్చుకునే టైమ్ కూడా దొరుకుతుంది. ఒకసారి 95వ పర్సంటైల్ (నూటికి 95 రిక్వెస్టులు ఎంత టైమ్ లోపు పూర్తయ్యాయో చెప్పే అంకె) ఉన్నట్టుండి ఎగిరింది. "ఏందన్నా, సర్వర్ సీపీయూ ఖాళీగానే ఉంది గదా" అన్నాడు మావాడు. జావాకి ఉన్న ఎక్స్‌లాగ్ ఆప్షన్‌తో తీసిన జేమీటర్ జీసీ లాగ్ తెరిస్తే, గ్రాఫ్ ఎగిరిన సమయాల్లోనే 'పాజ్ ఫుల్' (హీప్ మొత్తం ఊడ్చడానికి ప్రోగ్రాం ఆగడం) అని వరసగా లైన్లు. ఇక సర్వర్‌ని తిట్టే పని లేకపోయింది.

జావా ఫ్లాగుల (ప్రోగ్రాం మొదలయ్యేటప్పుడు ఇచ్చే సెట్టింగుల) జోలికి పోకముందే చేయాల్సింది ఒకటుంది. జీయూఐ (మెనూలు, బటన్లు ఉండే విండో) స్క్రిప్టు రాసుకోడానికే, టెస్ట్ మాత్రం కమాండ్ లైన్ నుంచి నడపాలి, జవాబుల్ని మెమరీలో పెట్టుకుని చూపించే వ్యూ రిజల్ట్స్ ట్రీ తీసేయాలి, ఫలితాలు సీఎస్‌వీ ఫైల్‌లోకి పోవాలి. నిజంగా సగం గొడవ ఇక్కడే తీరిపోతుంది.

తర్వాత హీప్. బిన్ ఫోల్డర్‌లో సెట్‌ఎన్‌వీ ఫైల్ పెట్టి ఎక్స్‌ఎమ్‌ఎస్ (హీప్ మొదటి సైజు), ఎక్స్‌ఎమ్‌ఎక్స్ (గరిష్ఠ సైజు) రెండూ ఒకటే ఇస్తాను, 16 జీబీ మెషీన్‌లో 4 జీబీ. అంతకంటే ఇవ్వచ్చు గానీ థ్రెడ్ల స్టాకులు (ఒక్కో థ్రెడ్ సొంతంగా వాడుకునే మెమరీ) హీప్ బయట ఉంటాయి, ఓఎస్‌కీ చోటు కావాలి, మెమరీ చాలక డిస్క్ మీది స్వాప్‌లోకి పోయిందంటే జీసీ పాజే నయం అనిపిస్తుంది.

స్టార్టప్ స్క్రిప్టులోనే జీ1 (జావా జీసీ పద్ధతుల్లో ఒకటి), 100 మిల్లీసెకన్ల పాజ్ లక్ష్యం, హీప్‌లో 20 శాతం రిజర్వ్ రాసి ఉంటాయి. నేను వాటిని కదిలించను. లక్ష్యం 10కి దించితే యంగ్ జనరేషన్ (కొత్త ఆబ్జెక్టులు పడే హీప్ భాగం) చిన్నదైపోయి జీసీ మాటిమాటికీ నడుస్తుంది, ఒరిగేదేం లేదు. జావా 21లో వచ్చిన జనరేషనల్ జెడ్‌జీసీ అనే ఇంకో జీసీ పద్ధతి కూడా వాడి చూశా, పాజులు దాదాపు కనపడవు, కానీ నాలుగు కోర్ల మెషీన్‌లో అది తినే సీపీయూ లోడ్ పుట్టించే థ్రెడ్లకి తగ్గుతుంది. పెద్ద మెషీన్ ఉంటేనే దాని జోలికి పోండి. అన్నట్టు, జావాకి అదనపు ఆప్షన్లు ఇచ్చే జేవీఎం ఆర్గ్స్‌లో జెడ్‌జీసీ ఊరికే చేర్చితే స్క్రిప్టులోని జీ1తో గొడవపడి ప్రోగ్రాం మొదలే కాదు, జీసీ ఆల్గో వేరియబుల్‌నే మార్చాలి.

ఇంతా చేశాక కూడా ఫుల్ జీసీలు కనిపిస్తుంటే హీప్ పెంచుకుంటూ పోకుండా లోడ్‌ని రెండు మెషీన్లకి పంచేస్తాను.