చింక్వే తెర్రేలో రెండు రాత్రులు: బస ఊళ్ళోనా, లెవాంతోలోనా, లా స్పెత్సియాలోనా?

జర్మనీలోనో ఇంగ్లండ్‌లోనో ఉద్యోగం చేసుకుంటున్న మనవాళ్ళు ఇటలీ యాత్ర వేసుకున్నప్పుడు రోమ్, ఫ్లోరెన్స్, వెనిస్‌ల మధ్య ఎక్కడో చింక్వే తెర్రేని ఇరికిస్తారు. దానికి మిగిలేది మహా అయితే రెండు రాత్రులు. లిగూరియా తీరంలో కొండ అంచున ఐదు ఊళ్ళు: పడమర నుంచి తూర్పుకి మొంతెరొస్సో, వెర్నాత్సా, కోర్నీల్యా, మనరోలా, రియోమజ్జోరే. "వీటిలో ఏది అందంగా ఉంటుంది?" అని అందరూ అడుగుతారు. రెండు రోజుల్లో ఐదూ చూసేయొచ్చు కాబట్టి ఆ ప్రశ్నకి అంత బరువు లేదు. తేల్చుకోవాల్సింది ఒక్కటే, రాత్రి ఎక్కడ పడుకోవాలన్నది. డబ్బులూ మోకాళ్ళూ ఓపికా అన్నీ దాని మీదే ఆధారపడి ఉంటాయి.

తూర్పున లా స్పెత్సియా అనే పట్నం, పడమర లెవాంతో అనే చిన్న టౌను, మధ్యలో ఈ ఐదు ఊళ్ళు. అన్నిటినీ కలుపుతూ ఒకే రైలు మార్గం. సీజన్లో గంటకి రెండు మూడు లోకల్ రైళ్ళు ఉంటాయి. ఒక ఊరి నుంచి పక్క ఊరికి కొద్ది నిమిషాలే. లెవాంతో నుంచి మొంతెరొస్సోకి గానీ, లా స్పెత్సియా నుంచి రియోమజ్జోరేకి గానీ పది నిమిషాలు కూడా పట్టదు. కాబట్టి పగటిపూట ఎక్కడ బస చేసినవాళ్ళకైనా ఊళ్ళు ఒకేలా అందుతాయి, ఒకే జనంలో తోసుకుంటూ తిరగాల్సిందే. తేడా వచ్చేది పొద్దున తొమ్మిది, పదికి ముందు, సాయంత్రం ఆరు దాటాక. లా స్పెత్సియా రేవులో దిగే క్రూయిజ్ ఓడల జనం, ఫ్లోరెన్స్ నుంచి ఒక్క రోజు టూర్ మీద వచ్చేవాళ్ళు ఆ మధ్య గంటల్లోనే ఊళ్ళని నింపేస్తారు. ఒక్కో ఊరికి చెప్పుకోదగ్గ వీధి ఒకటే, అదీ సన్నగా ఉంటుంది. వాళ్ళు వెళ్ళిపోయాక ఆ వీధిలో పిల్లలు బంతి ఆడుకుంటారు, ముసలివాళ్ళు అరుగుల మీద చేరతారు. ఊళ్ళో గదికి మీరు కట్టే అదనపు డబ్బు ఆ సాయంత్రానికే. ఆ సాయంత్రం మీకు అక్కర్లేకపోతే ఆ ఖర్చూ అక్కర్లేదు.

లా స్పెత్సియా

ఇది పర్యాటకుల కోసం పుట్టిన ఊరు కాదు, ఇటలీ నౌకాదళానికి పాత స్థావరం. 19వ శతాబ్దంలో ఇక్కడ నౌకాదళ ఆయుధాగారం కట్టాక ఊరు పెద్దదైంది. పీసా, జెనోవా, రోమ్, మిలాన్ వైపు నుంచి నేరుగా రైళ్ళున్నాయి. హోటళ్ళు ఎక్కువ, లిఫ్టున్నవీ ఎక్కువ, సూపర్ మార్కెట్లున్నాయి, గది అద్దె ఐదు ఊళ్ళకంటే తక్కువ. కారులో వచ్చేవాళ్ళు బండి ఇక్కడే పెట్టుకోవడం ఉత్తమం. ఊళ్ళలోకి బయటి బండ్లని రానివ్వరు, పైన కొండ మీద ఉన్న కాస్త పార్కింగ్ కోసం పడే తిప్పలు అన్నీ ఇన్నీ కావు.

పొద్దున్నే ఇక్కడి ప్లాట్‌ఫారం చూస్తే మాత్రం కాస్త నీరసం వస్తుంది. ఓడల జనమంతా రైలెక్కేది ఇక్కడే. కిటికీ తెరిస్తే కనిపించేది వీధి, ట్రాఫిక్కు. సముద్రతీరానికి వచ్చామన్న భావన గదిలో ఉన్నంతసేపూ కలగదు. రాత్రి ఆలస్యంగా దిగి ఒక్క రాత్రే ఉండి, మర్నాడు సాయంత్రం రోమ్ వెళ్ళిపోయేవాళ్ళకి ఇదే సరైన చోటు. నలుగురు కుర్రాళ్ళు కలిసి తక్కువ ఖర్చులో తిరగాలన్నా ఇదే. పోర్తోవేనెరే చూడాలన్న కోరిక ఉంటే అదనపు లాభం. ఆ ఊరికి రైలు లేదు, ఇక్కడి నుంచి బస్సులోనో పడవలోనో వెళ్ళాలి. సముద్రంలోకి పొడుచుకొచ్చిన బండ మీద అక్కడ సాన్ పియెత్రో చర్చి ఉంటుంది. 1997లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది ఐదు ఊళ్ళు మాత్రమే కాదు, పోర్తోవేనెరే, దాని ముందున్న దీవులూ కలిపే. అయినా ఐదూళ్ళ జనంతో పోలిస్తే అక్కడికి వెళ్ళేవాళ్ళు తక్కువ.

లెవాంతో

దీని గురించి మాట్లాడేవాళ్ళు తక్కువ. నేనైతే మొదట దీని పేరే చెప్తాను, ముఖ్యంగా ఇండియా నుంచి అమ్మానాన్నలు విజిట్ వీసా మీద వచ్చి ఉంటే. నేల చదునుగా ఉంటుంది. పొడవాటి బీచ్ ఉంది. స్టేషన్ నుంచి అక్కడికి పది పదిహేను నిమిషాల నడక. ఊళ్ళో జనం ఏడాది పొడుగునా కాపురాలు చేసుకునే మామూలు టౌను కాబట్టి, వంటగది ఉన్న ఫ్లాట్ దొరికే అవకాశం ఎక్కువ. మూడో రోజుకల్లా పాస్తా చూస్తే మొహం తిప్పుకునే పెద్దవాళ్ళకి రాత్రి ఇంత అన్నం వండిపెట్టొచ్చు. ఈ చిన్న సంగతి కొన్ని కుటుంబాల్లో యాత్ర మొత్తాన్నే నిలబెడుతుంది.

ఇంకొకటి. ఒకప్పుడు తీరం వెంబడి రైలు నడిచిన పాత సొరంగాలని ఇక్కడ నడకకీ సైకిళ్ళకీ బాటగా మార్చారు. లెవాంతో నుంచి బొనస్సోలా మీదుగా ఫ్రామూరా దాకా ఎక్కుడూ దిగుడూ లేని దారి. చింక్వే తెర్రే కాలిబాటలు ఎక్కలేని వాళ్ళు కూడా ఈ బాట మీద సొరంగాల మధ్య సందుల్లో సముద్రం చూస్తూ హాయిగా నడుస్తారు.

లోటేమిటంటే ఇది ఫొటోల్లో చూసిన ఆ ఊరు కాదు. సాయంత్రం బాగుంటుంది, కానీ ఆ సాయంత్రం లిగూరియా తీరంలో మరే ఊళ్ళోనైనా దొరుకుతుంది. మనరోలాలో సూర్యాస్తమయం చూసి వెనక్కి రావాలంటే రైలు కోసం స్టేషన్లో నిలబడాలి. పొద్దుపోయే కొద్దీ రైళ్ళ మధ్య ఎడం పెరుగుతుంది.

ఐదు ఊళ్ళలో ఒకటి

ముందు కష్టాలు చెప్పేస్తాను. ఇక్కడి గదులు చాలావరకు పాత ఇళ్ళలో పై అంతస్తుల్లో ఉంటాయి. లిఫ్టు ఉండదు, మెట్లు నిటారుగా ఉంటాయి. తాళం చేతికిచ్చే మనిషి చెప్పిన టైముకే వస్తాడు. రెండు పెద్ద సూట్‌కేసులతో వచ్చే కుటుంబానికి ఇది శిక్షే. చిన్న బ్యాగు సర్దుకుని, పెద్దవి అంతకుముందు బస చేసిన ఊళ్ళోనో స్టేషన్లోని సామాన్ల గదిలోనో వదిలి రాగలిగితేనే ఊళ్ళో గది గురించి ఆలోచించండి.

మొంతెరొస్సో ఐదింటిలో పెద్దది. అసలు సిసలైన ఇసుక బీచ్ ఉన్నదీ దీనికే. స్టేషన్ దిగితే ఎదురుగా ఫెజీనా తీరం, కాస్త నడిచి సొరంగం దాటితే పాత ఊరు. మెట్ల బెడద తక్కువ, హోటళ్ళు ఎక్కువ. 1975లో నోబెల్ అందుకున్న కవి ఎవుజేనియో మొంతాలే కుటుంబానికి వేసవి ఇల్లు ఇక్కడే ఉండేది. ఇక్కడి ఎండ, నిమ్మచెట్లు, సముద్రం ఆయన కవిత్వంలోకి వెళ్ళాయి. చిన్నపిల్లలున్నవాళ్ళకి ఊళ్ళోనే ఉండాలన్న పట్టుదల ఉంటే ఇదొక్కటే దారి.

వెర్నాత్సా నా ఓటు. ఐదింటిలో సహజమైన రేవు ఉన్నది దీనికే. రేవు గట్టున సాంతా మార్గెరీతా చర్చి, పైన కోట బురుజు, మధ్యలో చిన్న చౌకు. స్టేషన్ దిగిన వీధే నేరుగా రేవు దాకా పోతుంది. 2011 అక్టోబర్ 25న కురిసిన కుండపోతకి కొండ జారి, ఈ వీధి మొత్తం మీటర్ల ఎత్తు బురదలో కూరుకుపోయింది. ముగ్గురు చనిపోయారు. మొంతెరొస్సో కూడా ఆ రోజే దెబ్బతింది. ఇప్పుడు నడిచేవాళ్ళకి ఆ ఆనవాళ్ళు తెలియవు గానీ, శరదృతువులో వాన హెచ్చరిక రాగానే కాలిబాటలు ఎందుకు మూసేస్తారో ఆ రోజు గుర్తుంటే అర్థమవుతుంది.

కోర్నీల్యా సముద్రానికి వంద మీటర్ల ఎత్తున కొండ మీద ఉంది. రేవు లేదు, పడవ ఆగదు. స్టేషన్ కింద ఉంటుంది. అక్కడి నుంచి ఊళ్ళోకి సుమారు 380 మెట్లు, లేదంటే చిన్న బస్సు. అలిపిరి నుంచి తిరుమల నడిచినవాళ్ళకి అదో లెక్కా అనిపించవచ్చు, కానీ అక్కడ మొక్కు ఎక్కిస్తుంది, ఇక్కడ చేతిలో సూట్‌కేసు ఉంటుంది. జనం తక్కువ, అద్దెలూ కాస్త తక్కువ. నిశ్శబ్దం కావాలనుకునేవాళ్ళు దీన్ని ఇష్టపడతారు.

మనరోలా, రియోమజ్జోరే అక్కాచెల్లెళ్ళు. అందరూ ఫోన్లో దాచుకునే ఫొటో చాలావరకు మనరోలాదే. ఊరి వెనక ద్రాక్షతోటలకి నేల నిలబెట్టేవి సున్నం, సిమెంటు ఏమీ లేకుండా రాయి మీద రాయి పేర్చి కట్టిన గోడలు. ఈ తీరం మొత్తం శతాబ్దాలుగా వాటి మీదే నిలబడింది. ఆ తోటల్లో పండిన ద్రాక్షని ఎండబెట్టి షక్కెత్రా అనే తియ్యటి వైన్ చేస్తారు. తోట నిర్వహించే చేతులు తగ్గిపోయి గోడలు కూలిన చోట కొండే జారుతుంది, కాబట్టి ఇక్కడ వ్యవసాయం అందం కోసం మాత్రమే కాదు. రియోమజ్జోరే వీధి నిటారుగా ఎక్కుతుంది, గది పైవైపు దొరికితే రోజుకి నాలుగుసార్లు ఆయాసమే. ఈ రెండు ఊళ్ళనీ కలిపే ప్రేమబాట, వియా దెల్లమోరే, 2012లో రాళ్ళు విరిగిపడి నలుగురు గాయపడ్డాక మూతపడి, 2024 వేసవిలో గానీ తెరుచుకోలేదు. కిలోమీటరు కూడా లేని ఆ దారికి ఇప్పుడు వేరే టికెట్ ఉంది, ఏ సమయానికి నడుస్తారో ముందే బుక్ చేసుకోవాలి.

నడకా, రైలా, పడవా?

రైలు చవక, వేగం. కానీ దారంతా సొరంగాలే, సముద్రం మెరుపులా కనిపించి మాయమవుతుంది. ఊళ్ళని నిజంగా చూపించేది పడవే. ఏప్రిల్ ప్రాంతం నుంచి అక్టోబర్ చివరి దాకా కోర్నీల్యా తప్ప మిగతా నాలుగింటి దగ్గరా ఆగుతుంది. అల ఎక్కువైతే రద్దు చేస్తారు. సన్నటి పలక మీద నడిచి ఎక్కాలి, దిగాలి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు చెయ్యి పట్టుకునే తోడు లేకుండా ఎక్కకూడదు. రెండు రోజుల్లో ఒక్కసారి, ఒకవైపు పడవ, మిగతాదంతా రైలు. అంత చాలు.

నడిచే ఓపిక ఉంటే మొంతెరొస్సో నుంచి వెర్నాత్సా దారి పట్టండి. సుమారు రెండు గంటలు, ఎక్కుడు బాగానే ఉంటుంది. చివర్లో వెర్నాత్సా రేవు కాళ్ళ కింద కనిపించే మలుపు కోసమే చాలామంది ఆ దారి పడతారు. చెప్పులతో వెళ్ళకండి, జరిమానా వేస్తారు. ఈ బాటకీ, వెర్నాత్సా–కోర్నీల్యా బాటకీ జాతీయ పార్కు కార్డు కావాలి. కొండ మీది పై బాటలు ఉచితం. కార్డులో రెండు రకాలు: నడకకి మాత్రమే ఒకటి, నడకతో పాటు లెవాంతో–లా స్పెత్సియా మధ్య ఎన్నిసార్లయినా రైలెక్కడానికి ఇంకొకటి. రైలు కార్డు ధర రద్దీ రోజుల్లో పెరుగుతుంది. రోజుకి మూడు నాలుగుసార్లు రైలెక్కేవాళ్ళకి గిట్టుతుంది. ఒక ఊరికి వెళ్ళి వెనక్కి వచ్చేవాళ్ళకి విడి టికెట్లే మేలు. కాగితం టికెట్ అయితే ఎక్కేముందు స్టేషన్‌లో మిషన్లో ముద్ర కొట్టించుకోండి. తనిఖీకి వచ్చేవాళ్ళు తెలియదంటే వినరు.

తిండి విషయంలో శాకాహారులకి ఇటలీలో ఇంతకన్నా సులువైన ప్రాంతం దొరకడం కష్టం. బేసిల్ ఆకు, జున్ను కలిపి నూరే పెస్తో అనే పచ్చడికి పుట్టిల్లు లిగూరియానే. పెస్తోలో బంగాళాదుంప, బీన్స్ వేసి కలిపిన త్రోఫియే అనే పాస్తా, ఫొకాచ్చా రొట్టె, శనగపిండితో కాల్చే ఫరీనాతా దొరుకుతాయి. ఫరీనాతా మీద కాస్త మిరియాలు చల్లించుకుంటే మనవాళ్ళు ఇంకొకటి అడుగుతారు. జున్ను తయారీలో దూడ పొట్ట నుంచి తీసిన పదార్థం వాడతారని పట్టింపు ఉన్నవాళ్ళు పెస్తో జున్ను లేకుండా అడగాలి. మొంతెరొస్సోలో అచ్చూగే అనే చిన్న చేపలు ప్రసిద్ధి. ఆ మాట మెనూలో ఎక్కడ కనిపించినా చేప తిననివాళ్ళు జాగ్రత్త పడాలి.

అయితే ఏది?

ఫ్లోరెన్స్ నుంచి పొద్దున వచ్చి రాత్రికి పోదామనేవాళ్ళకి నా సలహా, రావద్దు. రానూపోనూ ఐదు గంటలు రైల్లోనే పోతుంది. ఊళ్ళో ఉండే సమయమంతా సరిగ్గా జనం కిక్కిరిసిన గంటల్లోనే. ఆ రోజు పీసా, లుక్కా కలిపి చూసుకోవడం మేలు.

పెద్దవాళ్ళతోనో పెద్ద సామాన్లతోనో వస్తే లెవాంతో. దాని మీద నాకు రెండో ఆలోచన లేదు. కారుంటే, లేదా ఒక్కటే రాత్రి అయితే లా స్పెత్సియా. పసిపిల్లలతో అయితే మొంతెరొస్సో. ఇద్దరే, భుజానికో బ్యాగు, మే నెలలోనో సెప్టెంబర్ చివర్లోనో రెండు రాత్రులు అయితే వెర్నాత్సాలో గది తీసుకోండి, ఖర్చెక్కువైనా సరే. ఆగస్టులో అయితే ఆ డబ్బు పెట్టమని చెప్పను. ఎండ మండిపోతుంది, సాయంత్రం కూడా వీధి ఖాళీ కాదు. చలికాలంలో గది చవగ్గా దొరుకుతుంది గానీ పడవలుండవు, సగం హోటళ్ళకి తాళాలే.

వెర్నాత్సాలో దిగేటప్పుడు ఒకటి చూసుకోండి. ప్లాట్‌ఫారం చిన్నది, రైలు పొడవు. మీరు కూర్చున్న రైలు పెట్టె సొరంగం చీకట్లో ఆగితే ఇంకా స్టేషన్ రాలేదనుకుని కూర్చోకండి, అక్కడే దిగాలి. కూర్చుండిపోతే తలుపు తెరుచుకునేది కోర్నీల్యాలోనో మొంతెరొస్సోలోనో.