పోర్ట్స్‌మత్‌లోని ఈస్ట్‌నీ బ్యారక్స్: మ్యూజియం తరలిపోయినా చూడవలసిన చోటు

ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని పోర్ట్స్‌మత్‌కు వెళ్లిన మనవాళ్లు సాధారణంగా హిస్టారిక్ డాక్‌యార్డ్‌లో హెచ్‌ఎంఎస్ విక్టరీని చూసి, వీలుంటే స్పిన్నకర్ టవర్ ఎక్కి తిరిగి రైలెక్కేస్తారు. నగరానికి తూర్పున, సముద్రపు ఒడ్డునే ఉన్న ఈస్ట్‌నీ బ్యారక్స్ వైపు వెళ్లేవారు తక్కువ. నౌకాదళ చరిత్రపై ఏ కాస్త ఆసక్తి ఉన్నవారైనా ఒక పూట కేటాయించి దీన్ని చూసి తీరాలని నా అభిప్రాయం. అయితే ఇక్కడ దొరికేదేమిటో, దొరకనిదేమిటో ముందే తెలిసి వెళ్లడం మంచిది.

ఇది నౌకలపై పనిచేసే సైనికులైన మెరైన్ల ఫిరంగి దళం, అంటే రాయల్ మెరైన్ ఆర్టిలరీ కోసం 1862 నుంచి 1867 వరకు కట్టిన సైనిక నివాసం. ఆ దళం పుట్టుక వెనుక ఒక ఆసక్తికరమైన తగాదా ఉంది. బాంబు నౌకలపై ఉండే మోర్టార్లనే పొట్టి ఫిరంగులను పేల్చే పనికి మొదట్లో భూసైన్యపు ఫిరంగి దళంవారిని పంపేవారు. నౌక కెప్టెన్ ఆజ్ఞలకు తాము కట్టుబడవలసిన పని లేదని ఆ సైనికాధికారులు వాదించేవారు. ఈ గొడవ తెగక, నౌకాదళ సేనాని నెల్సన్ వంటివారు పట్టుబట్టగా, 1804లో మెరైన్లలోనే ప్రత్యేక ఫిరంగి విభాగాన్ని ఏర్పాటు చేశారు. వారి యూనిఫాం నీలం రంగుది కావడంతో వారిని బ్లూ మెరైన్లు అనీ, ఎర్రకోటు వేసుకునే పదాతి మెరైన్లను రెడ్ మెరైన్లు అనీ పిలిచేవారు. 1923లో రెండు విభాగాలనూ కలిపి ఒకటే దళం చేశారు. ఆ తర్వాత కూడా ఈస్ట్‌నీ మెరైన్ల చేతిలోనే ఉండి, 1991లో ఖాళీ అయింది. ఇప్పుడు అందులో ఎక్కువ భాగం ఇళ్లుగా మారిపోయింది.

చూడవలసినది ముందుగా ఆ ప్రధాన భవనమే. సముద్రానికి ఎదురుగా కవాతు మైదానం, దాని వెనుక ఈ కొస నుంచి ఆ కొసకు సాగిపోయే మూడంతస్తుల ఇటుక కట్టడం, వరుస తప్పని కిటికీలు. పైపైన చూసేవారికి ఆ పొడవు తప్ప మరేమీ తోచకపోవచ్చు. కానీ ఇది ఎప్పటి కట్టడమో గుర్తు పెట్టుకుని చూస్తే ఆ కిటికీలకే అర్థం వస్తుంది. రష్యాతో 1853-56లో జరిగిన క్రిమియా యుద్ధంలో తూటాలకంటే రోగాలకే ఎక్కువమంది సైనికులు బలైపోయిన తర్వాత, స్వదేశంలోని బ్యారక్స్ కూడా గాలీ వెలుతురూ లేని ఇరుకు గదులేనని బ్రిటన్‌లో పెద్ద చర్చ జరిగింది. ఫ్లారెన్స్ నైటింగేల్ ఆ విషయంలో ప్రభుత్వాన్ని ఊపిరి తీసుకోనివ్వలేదు. ఒక్కో సైనికుడికి 600 ఘనపుటడుగుల గాలి ఉండాలని, గదులకు ఎదురెదురు కిటికీలు పెట్టాలని, వంటకూ స్నానానికీ వేరే ఏర్పాట్లు చేయాలని ఆనాటి కమిషన్ సిఫారసు చేసింది. ఈస్ట్‌నీ ఆ సంస్కరణల వెన్నంటి లేచిన కట్టడం. మామూలు సైనికుడు పీల్చే గాలికి కూడా లెక్క కట్టవలసిందేనన్న ఆలోచన ఇటుకల్లో కనబడే చోట్లు అరుదు. నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది ఇదే.

అధికారుల మెస్ తీరు పూర్తిగా వేరు. ఇటాలియన్ పద్ధతిలో కట్టిన ఈ భవనానికి బయటి నుంచి నేరుగా పై అంతస్తుకు ఎక్కే విశాలమైన మెట్లున్నాయి. సైనికుల గదుల పొదుపునూ ఈ మెట్ల దర్జానూ ఒకే చూపులో పోల్చుకోవచ్చు. ఆనాటి హోదాల తేడా గురించి ఎవరూ వివరించనక్కర్లేదు. 1958లో ఈస్ట్‌నీలో మొదలైన రాయల్ మెరైన్స్ మ్యూజియం 1975లో ఈ మెస్‌లోకి మారింది. బ్రిటన్‌లో అత్యున్నత శౌర్య పతకమైన విక్టోరియా క్రాస్ మెరైన్లకు దక్కినవి 10, అవన్నీ ఆ మ్యూజియం సేకరణలో ఉండేవి. 2017లో దాన్ని ఇక్కడ మూసివేశారు. పతకాలు, యూనిఫాంలు, ఆయుధాలు చూడాలనుకునేవారు ఇంత దూరం రాకుండా హిస్టారిక్ డాక్‌యార్డ్‌లోనే విచారించుకోవడం మేలు.

నా అసంతృప్తి అంతా ఇక్కడే. ఇళ్లుగా మార్చడం వల్ల గోడలు నిలిచాయి, పైకప్పులు నిలిచాయి, దానికి సంతోషించాలి. కానీ లోపలి కథ చెప్పే మనిషి లేడు. మన విశాఖపట్నం బీచ్ రోడ్డులో ఐఎన్ఎస్ కురుసుర జలాంతర్గామిలోకి అడుగుపెడితే, నావికులు ఎక్కడ పడుకునేవారో, టార్పెడోలు ఎక్కడ ఎక్కించేవారో పక్కనే నిలబడి చెప్పేవారుంటారు. 1969లో నౌకాదళంలో చేరి 2001 దాకా పనిచేసిన ఆ జలాంతర్గామి మన పిల్లలకు సులభంగా బోధపడడానికి కారణం ఆ మనుషులే. ఈస్ట్‌నీలో ఆ లోటు బాగా తెలుస్తుంది. కనీసం 1903లో నౌకాదళ సంగీత పాఠశాల ఈ ఆవరణలోనే మొదలైందన్న మాటైనా వచ్చినవారి చెవిన పడాలి. చదువుకోకుండా వెళ్లినవారికి ఇది పాత భవనాల వరుసగానే మిగిలిపోతుంది.

ఉన్నంతలో కథ చెప్పేది మ్యూజియం పాత ద్వారం దగ్గరి యాంపర్ విగ్రహం. ఫిలిప్ జాక్సన్ చెక్కిన ఈ కంచు విగ్రహాన్ని 1992లో మాజీ ప్రధాని మార్గరెట్ థాచర్ ఆవిష్కరించారు. 1982లో అర్జెంటీనాతో జరిగిన ఫాక్లాండ్స్ యుద్ధంలో బరువైన మూటలు మోస్తూ, తడి నేలల మీద రోజుల తరబడి నడిచిన మెరైన్లకు ఇది గుర్తు. దగ్గరికి వెళ్లి ఆ బూట్లను, వీపు మీది మూట వల్ల ముందుకు వంగిన నడుమును చూడండి. గెలిచినవాడి ఠీవి కాదు, ఇంకా నడవవలసినవాడి పట్టుదల కనిపిస్తుంది. యుద్ధ స్మారకాల్లో నాకు ఇంతగా నచ్చినవి కొన్నే.

ఇక్కడికి దగ్గరలోని సౌత్‌సీ తీరంలోనే 1942లో జర్మన్ల అధీనంలోని రేవులో నౌకలపై దాడికి, అంటే ఆపరేషన్ ఫ్రాంక్టన్‌కు మెరైన్లు శిక్షణ పొందారు. చిన్న మడత పడవల్లో ఫ్రాన్స్‌లోని బోర్డో రేవుకు తెడ్లు వేసుకుంటూ బయల్దేరిన పదిమందిలో ప్రాణాలతో బయటపడినవారు ఇద్దరే. ఆ సంగతి తెలిసి ఈ నీటి వైపు చూడడం వేరు, తెలియకుండా చూడడం వేరు.

నగర కేంద్రం నుంచి ఈస్ట్‌నీకి బస్సులో రావచ్చు. సౌత్‌సీ నుంచి తీరం వెంబడి నడిచి రావడం ఇంకా బాగుంటుంది. బయటి నుంచి చూడడానికి రుసుమేమీ లేదు. ఒడ్డున ఉన్నది ఇసుక కాదు, గులకరాళ్లు. పెద్దవారు గట్టి చెప్పులతో, గాలికి అడ్డుపడే కోటుతో రావాలి. లోపల కాపురాలున్నాయి కాబట్టి కిటికీలకు ఫోన్లు ఎత్తిపట్టి ఫొటోలు తీయకండి, గేట్ల దగ్గర పెట్టిన సూచనలను పాటించండి. చిన్నపిల్లలు లోపల చూసేదేమీ లేదని విసుక్కుంటారు కనుక వారితో వచ్చేవారు డాక్‌యార్డ్‌నే ఎంచుకోవాలి. భవన నిర్మాణం, సైనిక చరిత్ర చదువుకునేవారు మాత్రం ఈస్ట్‌నీకే ముందు రండి. ఓపిక మిగిలితే ఇంకొంచెం తూర్పుకు నడిచి, ఈ బ్యారక్స్ కట్టకముందు ఈ ఫిరంగి దళానికి నెలవైన ఫోర్ట్ కంబర్లాండ్‌ను కూడా బయటి నుంచి చూసి వెళ్లండి.