చలికి మొరాయించే పాత డీజిల్ పికప్: చాలా ఏళ్లు నడిపాక నా సమీక్ష

రాపూరు మండలంలోని మా నిమ్మతోటకు చాలా ఏళ్లుగా ఉన్న బండి ఇదొక్కటే. ఒకరి చేతి నుంచి మా ఇంటికి వచ్చిన నాలుగు సిలిండర్ల డీజిల్ పికప్. కామన్ రైలు (కొత్త తరహా డీజిల్ సరఫరా పద్ధతి), కంప్యూటరు వంటివేవీ ఇందులో లేవు. సిలిండర్లలోకి డీజిల్‌ను ఒత్తిడితో పంపే యాంత్రిక ఇంజెక్షన్ పంపు, ప్రీ-చాంబరు (డీజిల్ మొదట మండే చిన్న గది) ఉన్న పాతకాలపు ఇంజిను, 12 వోల్టుల బ్యాటరీ ఉన్నాయి. నిమ్మకాయల లూజులు (బస్తాలు) నిండా వేసుకొని పొదలకూరు మార్కెట్‌కు వెళ్లడంలో గాని, రోహిణి కార్తె ఎండలో బరువుతో మిట్టలు ఎక్కడంలో గాని ఇది నన్ను ఇబ్బంది పెట్టలేదు. విడిభాగాలు నెల్లూరు ఆటోనగర్‌లో సులువుగా దొరుకుతాయి. ఆ విషయాల్లో దీనికి మంచి మార్కులే వేస్తాను. ఈ సమీక్షలో ఎక్కువ భాగాన్ని మార్గశిరం వచ్చాక తెల్లవారుజామున ఇంజిను అంటుకోకపోవడానికే కేటాయిస్తున్నాను. అది ఇలాంటి ఇంజిను ఉన్న ఏ పాత పికప్‌కైనా వచ్చే సమస్య కాబట్టి కంపెనీ పేరు ఇక్కడ అవసరం లేదు.

ముందుగా ఒక అపోహ తొలగాలి. వెలికొండల పాదాన, కండలేరు జలాశయం పరిసరాల్లో పుష్యమాసంలో మంచు దట్టంగా కురిసి అద్దాల మీద నీళ్లు కారుతున్నా, ఉష్ణోగ్రత సాధారణంగా 18 డిగ్రీలకు అటూ ఇటూగానే ఉంటుంది. డీజిల్‌కు మన దేశంలో వర్తించే ఐఎస్ 1460 ప్రమాణం ప్రకారం శీతాకాలపు డీజిల్ 6 డిగ్రీల వరకు చల్లబడినా ఫిల్టరు గుండా సాగాలి. అందువల్ల 'చలికి డీజిల్ గడ్డకట్టింది' అనే మాట లడఖ్‌లో చెల్లవచ్చు గాని నెల్లూరు జిల్లాలో చెల్లదు. మన చలికి ఒక డీజిల్ ఇంజిను అంటుకోలేదంటే, అందులో ఏదో ఒకటి అప్పటికే అరిగి ఉందని, ఎండాకాలపు వేడి దాన్ని ఇన్నాళ్లూ కప్పిపెట్టిందని అర్థం. డీజిల్ ఇంజినులో స్పార్కు ప్లగ్గు ఉండదు; పిస్టన్ గాలిని 20 వంతులకు పైగా నొక్కినప్పుడు పుట్టే వేడికే డీజిల్ మండాలి. సెల్ఫ్ (ఇంజినును తిప్పే స్టార్టరు మోటారు) నెమ్మదిగా తిరిగినా, హీటరు ప్లగ్గులు (స్టార్ట్ చేసే ముందు ప్రీ-చాంబర్లను వేడి చేసేవి) వేడెక్కకపోయినా ఆ వేడి చాలదు; డీజిల్‌లో గాలి కలిస్తే డీజిలే సరిగా చేరదు.

పొదలకూరు రోడ్డులో ఒక పెద్ద వయసు మెకానిక్ నాకు మొదట నేర్పిన సంగతి, "ముందు పొగ చూడబ్బయా, పానా తర్వాత పట్టుకో" అని. సెల్ఫ్ బాగా తిరుగుతూ సైలెన్సరు నుంచి తెల్లని పొగ వస్తుంటే డీజిల్ సిలిండర్లలోకి చేరుతోంది గాని మండడం లేదని, పొగ అసలే రాకపోతే డీజిల్ చేరడం లేదని అర్థం. సెల్ఫే సరిగా తిరగకపోతే పొగ సంగతి పక్కన పెట్టి కరెంటు వైపు చూడాలి. ఈ ఒక్క పరిశీలన వల్ల మూడు వంతుల వృథా ఖర్చు తప్పుతుందని నా నమ్మకం.

కరెంటు విషయంలో అందరూ బ్యాటరీనే అనుమానిస్తారు. రాత్రంతా నిలిచిన బ్యాటరీ మల్టీమీటరు మీద 12.6 వోల్టులు చూపితే నిండుగా ఉన్నట్టు, 12 వోల్టులకు దిగితే దాదాపు ఖాళీ అయినట్టు. సెల్ఫ్ కొడుతున్నప్పుడు అది 9.6 వోల్టుల కన్నా కిందికి పడిపోకూడదు. నా బండిలో బ్యాటరీ ఈ పరీక్షలన్నీ నెగ్గినా సెల్ఫ్ మూలుగుతూ తిరిగేది. ఒక షాపులో సెల్ఫ్ మోటారు మొత్తం మార్చాలన్నారు. దానికి ఒప్పుకోక, మీటరు ఒక వైరును ఇంజిను బ్లాకుకు, మరొకదాన్ని బ్యాటరీ నెగటివ్ స్తంభానికి పట్టి సెల్ఫ్ కొట్టించి చూస్తే ఒక వోల్టుకు పైగా చూపింది. ఆరోగ్యంగా ఉన్న ఎర్త్‌లో (బ్యాటరీ నెగటివ్‌ను బండి ఇనుముకు కలిపే దారిలో) అది 0.2 వోల్టుల చుట్టూ ఉండాలి. చాసిస్‌కు బిగించిన చోట ఎర్త్ వైరు లోపల తుప్పు పట్టి, పైకి మాత్రం బాగానే కనిపిస్తోంది. మందమైన కొత్త వైరు వేసి, బిగించే చోటు తళతళలాడేదాకా గీకి, గ్రీజు పూశాక అదే పాత మోటారు హుషారుగా తిరిగింది, ఇప్పటికీ తిరుగుతోంది.

హీటరు ప్లగ్గుల గురించి నా అభిప్రాయం కాస్త కఠినంగానే ఉంటుంది. డ్యాష్‌బోర్డు మీద హీటరు దీపం వెలిగి ఆరినంత మాత్రాన ప్లగ్గులు పనిచేస్తున్నాయని నమ్మకూడదు. నా బండిలో ఆ దీపాన్ని నడిపేది టైమరు; నాలుగు ప్లగ్గుల్లో రెండు కాలిపోయినా అది మామూలుగానే వెలుగుతుంది. ప్లగ్గులను కలిపే పట్టీ తీసి, ఒక్కో ప్లగ్గు తలకూ ఇంజిను బ్లాకుకూ మధ్య ఓమ్‌లు (కరెంటుకు ఉండే అడ్డు) కొలవాలి. మంచి ప్లగ్గు ఒక ఓమ్‌కు అటూ ఇటూగా చూపుతుంది, కాలిపోయినదానిలో దారి తెగిపోయి ఉంటుంది కాబట్టి మీటరు అంకె ఏదీ చూపదు. మార్చేటప్పుడు నాలుగూ ఒకే రకానివి వేయాలి. ఇంజిను గోరువెచ్చగా ఉన్నప్పుడు ఓపికగా విప్పాలి, బలవంతం చేస్తే ప్లగ్గు విరిగి హెడ్డులో ఉండిపోతుంది. చవకైన ప్లగ్గులు ఒక చలికాలం దాటకుండానే పోవడం చూశాక, పేరున్న రకమే కొనడం మొదలుపెట్టాను.

అయినా అన్నిటికన్నా ఎక్కువ కాలం సతాయించినది డీజిల్ లైనులోకి చేరే గాలి. ఈ లోపం చేతికి దొరకదు, ఎందుకంటే ట్యాంకు నుంచి పంపు దాకా డీజిల్‌ను పీల్చుకునే దారిలో చిన్న సందు ఉంటే అందులోంచి డీజిల్ బయటికి కారదు, గాలే లోపలికి వెళుతుంది. రాత్రంతా బండి నిలిచి ఉన్నప్పుడు ఆ గాలి వల్ల డీజిల్ మెల్లగా వెనక్కి జారి ట్యాంకులోకి పోతుంది. చలికి రబ్బరు పైపులు, ఓ-రింగులు (అతుకుల దగ్గరి రబ్బరు రింగులు) గట్టిపడి ఆ సందు మరింత పెరుగుతుంది. దీన్ని తేల్చుకోవడానికి ఖర్చు లేని పద్ధతి ఒకటుంది. ట్యాంకు వెనకవైపు ఉన్న బండిని ఒక రాత్రి ముక్కు పల్లానికి ఉండేలా, మరో రాత్రి ముక్కు మిట్టకు ఉండేలా నిలిపి చూడాలి. పల్లానికి నిలిపిన పొద్దున వెంటనే అంటుకొని, మిట్టకు నిలిపిన పొద్దున మొరాయిస్తే లైనులో గాలి చేరుతున్నట్టే. డీజిల్‌ను చేత్తో పంపడానికి ఉండే హ్యాండు పంపు గట్టిపడేదాకా నొక్కాక ఒక్క సెల్ఫ్‌కే అంటుకోవడం కూడా అదే చెబుతుంది. పంపుకు ముందు కొద్ది దూరం పారదర్శకమైన పైపు తాత్కాలికంగా వేస్తే బుడగలు కంటికే కనిపిస్తాయి. నా బండిలో ఫిల్టరు తల మీది హ్యాండు పంపు ఓ-రింగు, రెండు రాగి వాషర్లు, ట్యాంకు దగ్గరి పగిలిన పైపు మార్చాక బుడగలు ఆగిపోయాయి. ఆ భాగాల ఖరీదు సెల్ఫ్ మోటారుతో పోలిస్తే లెక్కలోకి రాదు. ఇంజెక్షన్ పంపు విప్పమని ఎవరైనా చెబితే, ముందు ఈ పరీక్ష చేయించమని ప్రతి యజమానినీ కోరుతున్నాను.

ఇవన్నీ సరిగా ఉండి కూడా తెల్లని పొగే వస్తుంటే కంప్రెషన్ (సిలిండర్లలో గాలి నొక్కుడు) కొలిపించాలి, డీజిల్‌ను చిమ్మే నాజిళ్లు పరీక్ష చేయించాలి. అది పంపు షాపువాళ్ల పని.

తొందరలో కొందరు గాలి గొట్టంలోకి ఇట్టే మండే ఈథర్ స్ప్రే కొట్టి స్టార్ట్ చేస్తారు. హీటరు ప్లగ్గులు ఎర్రగా కాలుతున్న ఇంజినులో అది ముందే పేలి పిస్టన్‌నూ రింగులనూ దెబ్బతీస్తుంది, మనిషికీ ప్రమాదమే. మా బండికి ఎవరినీ ఆ పని చేయనివ్వను.

ఇలాంటి పాత పికప్ కొనదలచినవారికి నా సలహా: ధర, చట్రం, టైర్లు సంతృప్తికరంగా ఉంటే నిశ్చింతగా కొనవచ్చు, కానీ బేరానికి తెల్లవారకముందే వెళ్లండి. అమ్మే వ్యక్తి మీరు వచ్చేలోగా ఇంజిను వేడి చేసి పెట్టలేదని బానెట్ మీద చెయ్యి వేసి నిర్ధారించుకోండి. బండి రాత్రి ముక్కు ఏ వైపుకు ఉంచి నిలిపారో గమనించి, పల్లానికి నిలిపి ఉంటే మరో రోజు సమతలం మీద నిలపమని చెప్పి మళ్లీ వెళ్లి, మొదటి సెల్ఫ్ మీరే కొట్టి చూడండి.