బీ హోటల్ చెక్కపెట్టె: పెట్టె మంచిదే, గొట్టాలే మార్చాలి (5కి 2.5)

చెన్నైలో నర్సరీల్లోనూ ఆన్‌లైన్‌లోనూ దొరికే ఈ పెట్టెలో తుట్టె కట్టే తేనెటీగలు చేరవు. చేరేవి ఒంటరిగా బతికే తేనెటీగలు, కందిరీగలు; లోపలి గొట్టాల్లో అవి గూళ్లు కట్టుకుంటాయి. కుట్టేవి ఆడవే. గూటికి కాపలా కాసే గుంపు లేదు కాబట్టి చేత్తో పట్టుకుంటే తప్ప వాటి జోలి మనకుండదు.

చెక్క, పైకప్పు బాగున్నాయి. లోపలి వెదురు గొట్టాలే దండగ: పొడవు 8 సెం.మీ., రెండు వైపులా తెరిచి ఉన్నాయి. వెనక మూసి లేకపోతే గూడు కట్టవు. పొట్టి గొట్టంతో ఇంకో చిక్కు. ఫలదీకరించిన గుడ్డు ఆడది, ఫలదీకరించనిది మగది అవుతుంది; గొట్టాల్లో ఉండే చాలా జాతుల్లో తల్లి ఆడగుడ్లను లోపలి గదుల్లో, మగగుడ్లను మూతి దగ్గర పెడుతుంది. చోటు తగ్గితే మగవే ఎక్కువవుతాయి. 15 సెం.మీ. పొడవు, 3 నుంచి 10 మి.మీ. లోపలి వ్యాసం ఉన్న వెదురును ఒక చివర కణుపు ఉంచి కోయండి. మూతి శాండ్‌పేపర్‌తో రుద్దండి, పీచుకు రెక్కలు చిరుగుతాయి. పైన్ కాయల అర ఖాళీ చేసి అక్కడా గొట్టాలే పెట్టండి.

మూతి చూస్తే ఎవరు దిగారో తెలిసిపోతుంది. మట్టి బిరడా, లోపల సాలీళ్లు ఉంటే ట్రైపాక్సిలాన్ అనే కందిరీగ. గడ్డిపోచలు బయటికి పొడుచుకొస్తే ఐసోడోంటియా అనే మరో కందిరీగ, దాని వేట కీచురాళ్లు. వేట చావదు, కదలిక మాత్రం పోతుంది. అందుకే పిల్లకు తాజా తిండి. భ్రమరం తెచ్చిన పురుగు భ్రమరమైపోతుందనే భ్రమరకీటక న్యాయం వేదాంతానికి సరే, గూట్లో మాత్రం పురుగు భ్రమరం కాదు, దాని పిల్లకు భోజనమవుతుంది.

'డిగ్గర్ వాస్ప్‌లకూ అనువైనది' అన్న ప్రచారం నమ్మొద్దు. స్ఫెక్స్, అమ్మోఫిలా, బెంబిక్స్ అనే ఆ కందిరీగలు నేల తవ్వేవి, వాటికి వెదురెందుకు? పెరడుంటే ఎండ తగిలే చోట ఇసుకలో కాస్త ఎర్రమట్టి కలిపి 30 సెం.మీ. లోతున నింపి వదిలేయండి. అడుగున తడి లేని వట్టి ఇసుకలో సొరంగం కూలిపోతుంది. కీటక శాస్త్రవేత్త ఫాబ్రిసియస్ 1781లో మద్రాసు పేరు పెట్టిన స్కెలిఫ్రాన్ మద్రాస్పటానమ్ అనే మట్టిగూటి కందిరీగకు ఇవేవీ అక్కర్లేదు, మీ గోడే చాలు.

ఈ కందిరీగలన్నీ ఒకప్పుడు స్ఫెసిడే కుటుంబమే. తర్వాత క్రాబ్రానిడే వేరుపడింది. 2018 జన్యు విశ్లేషణతో అదీ ముక్కలై, బెంబిక్స్ బెంబిసిడేలో చేరింది. తేనెటీగలు ఈ కందిరీగల కొమ్మలోంచే వచ్చాయి గనక, 'బీ హోటల్' అన్న పేరును క్షమించొచ్చు.

పెట్టెను ఊగకుండా గోడకు స్క్రూలతో బిగించండి. ముఖం తూర్పుకు ఉండాలి, అయితే అక్టోబరు-డిసెంబరు వాన అటునుంచే కొడుతుంది కాబట్టి బాల్కనీ శ్లాబు కిందే పెట్టాలి. అందరూ ఎగిరిపోయిన గొట్టాలను తీసేసి కొత్తవి వేయండి. పాతవాటిలో మెలిటోబియా అనే చిన్న పరాన్నజీవి చేరితే పక్క గూళ్లకూ పాకుతుంది.