మూడు రోజులు, రెండు ఊళ్లు, ప్రకటన పన్నెండో అధ్యాయం

పోయిన నెల ఒక శుక్రవారం మా చెల్లీ నేనూ ఖమ్మంలో గోల్కొండ ఎక్స్‌ప్రెస్ ఎక్కి విజయవాడలో దిగాం. అక్కడ మూడు రాత్రులు ప్రవచన కూడికలు, అంటే బైబిలు ప్రవచనాల మీద క్రైస్తవ సభలు, పెట్టారు. అంశం సాతాను పతనం. వెళ్దామని చెల్లే పట్టుబట్టింది. నాకు మనసొప్పలేదు. ఎనిమిదేళ్ల కిందట దానికి మూర్ఛ మొదలైనప్పుడు మా ఊరొచ్చిన ఒక బోధకుడు "ఇది సాతాను బంధకం, మాత్రలు మానెయ్యి, విశ్వాసం చూపించు" అన్నాడు. అది నమ్మి మానేసింది. పదకొండో రోజు పొయ్యి దగ్గర పడిపోయింది. ఎడమ ముంజేతి మీద ఆ మచ్చ ఇంకా ఉంది. అందుకే సాతాను గురించి ఎవరేం బోధిస్తున్నారన్నది మా ఇంట్లో చిన్న విషయం కాదు.

గాంధీనగర్‌లో, స్టేషన్ నుంచి నడిచిపోయేంత దూరంలో గది తీసుకున్నాం. రోజుకి 900. దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, వేడినీళ్లు మాత్రం పొద్దున రెండు గంటలే. రాత్రి కూడికల నుంచి వచ్చేసరికి గేటుకి తాళం. వాచ్‌మన్ లేచి తీయడానికి పావుగంట పట్టింది. ఆడవాళ్లే వెళ్తే ఈ సంగతి ముందే మాట్లాడుకోవడం మంచిది.

కూడికల ఏర్పాట్లకి వంక పెట్టలేం. కుర్చీలు, మంచినీళ్లు, ఆడవాళ్లకి విడిగా మరుగుదొడ్లు, రాత్రి భోజనం, అన్నీ ఉన్నాయి. వేదిక పొడవునా తెల్లగుడ్డ కట్టి బైబిలు మొదటి పుస్తకం ఆదికాండం నుంచి చివరిదైన ప్రకటన దాకా కాలచక్రం బొమ్మలు వేశారు. మొదటి రాత్రి వాక్యం నిజంగా బాగుంది. స్త్రీ సంతానం సర్పాన్ని తలమీద కొడుతుందన్న ఆదికాండం 3:15 దగ్గర ఎత్తుకుని, యోబు మీద ఫిర్యాదు చేసిన సాతాను, జెకర్యా మూడో అధ్యాయంలో ప్రధానయాజకుడైన యెహోషువ కుడిపక్కన నిలబడ్డ సాతాను, ఇలా వరసగా చూపించారు. నేను నోట్సు కూడా రాసుకున్నాను.

రెండో రాత్రి దారి తప్పింది. ప్రకటనలో సాతానుకి గుర్తైన ఏడు తలలు, పది కొమ్ముల ఘటసర్పం బొమ్మ మీద లైటు వేసి రెండు గంటలు వాడి బలం గురించే. క్రూరమృగం సంఖ్య 666, దాని ముద్ర, ఎవరింట్లో ఏ జబ్బు వెనక ఏ ఆత్మ ఉందో. స్పీకర్లు గుండెల మీద కొట్టినట్టు మోగుతున్నాయి. మా ముందు వరసలో నాలుగైదేళ్ల పిల్ల తల్లి కొంగులో మొహం దాచుకుని మళ్లీ తియ్యలేదు. వాడి ఓటమి చెప్పే ప్రకటన ఇరవయ్యో అధ్యాయానికి వచ్చేసరికి పదిన్నర దాటింది. అయిదు నిమిషాల్లో చదివి ప్రార్థన చేసి ముగించారు. చెల్లి మచ్చ మీద కొంగు కప్పుకుని కూర్చుంది. మూడో రాత్రికి ఉండొద్దని అప్పుడే అనుకున్నాం.

ఆ రెండో రాత్రికి ముందు, శనివారం పొద్దున, క్యాథలిక్కుల మరియమ్మ క్షేత్రమైన గుణదల కొండకి వెళ్లాం. మాది సీఎస్‌ఐ అనే ప్రొటెస్టెంట్ సంఘం, మరియమ్మ దగ్గర కొబ్బరికాయ కొట్టే అలవాటు మాకు లేదు. అయినా మెట్ల పక్కన సిలువమార్గం బొమ్మల ముందు ఒక్కొక్కచోటా ఆగుతూ ఎక్కితే మనసు నెమ్మదించింది. మెట్లు నిటారుగానే ఉన్నాయి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు పొద్దున్నే ఎక్కితే మేలు. ఫిబ్రవరి 9, 10, 11 ఉత్సవాలప్పుడైతే ఇసుకేస్తే రాలని జనం. ప్రశాంతంగా చూడాలనుకుంటే మామూలు రోజే వెళ్లండి.

ఆదివారం తెల్లవారగానే పండిట్ నెహ్రూ బస్‌స్టేషన్‌లో గుంటూరు నాన్‌స్టాప్ ఎక్కాం. వారధి దాటి, మంగళగిరి మీదుగా గంటకి కాస్త అటూ ఇటూ. బ్రాడీపేటలో గది 1,400, అంత డబ్బుకి గది చిన్నదే. కానీ కౌంటర్లో ఉన్నావిడ "పై అంతస్తు వద్దమ్మా, లిఫ్టు ఆగిపోతుంటది" అని తనే కింద గది ఇచ్చింది.

గుంటూరు అంటే లూథరన్ల, అంటే మార్టిన్ లూథర్ బోధని అనుసరించే ప్రొటెస్టెంట్ల, ఊరు. 1842లో మిషనరీ హయ్యరు దొరగారు వచ్చి మొదలుపెట్టిన పని, ఆంధ్ర క్రైస్తవ కళాశాల, ఏఈఎల్‌సీ అనే ఆంధ్ర లూథరన్ సంఘం, అన్నీ ఇక్కడివే. ఆరాధన అయ్యాక ఒక రిటైరైన అయ్యగారు (పాస్టరు) ఇరవైమందికి బైబిలు తరగతి చెప్తారని తెలిసి కూర్చున్నాం. ఫ్యాను ఒకటే, మైకు లేదు. బోర్డు మీద సుద్దముక్కతో బైబిల్లో సాతానుకున్న మరో పేరు 'అపవాది' అని రాసి అడిగారు: "ఇంట్లో చెయ్యని తప్పు మన మీద వేస్తే ఏమంటాం? అపవాదు వేశారంటాం. వీడి పేరే వీడి పని."

ప్రకటన 12 తీశారు. ఆదిసర్పం, అపవాది, సాతాను, అన్నీ ఒకడి పేర్లే. పదో వచనంలో వాడు రాత్రింబగళ్లు మన సహోదరుల మీద నేరం మోపేవాడు. వాణ్ని వాళ్లు జయించింది గొర్రెపిల్ల (క్రీస్తు) రక్తాన్నిబట్టి, తమ సాక్ష్యాన్నిబట్టి. ఇక వాడు మోపే నేరాన్ని వినే కోర్టు లేదు. పన్నెండో వచనంలో వాడి కోపానికి కారణం కూడా రాసి ఉంది: తనకు సమయం కొంచెమే అని వాడికి తెలుసు. "ఆ కోపం గెలిచేవాడిది కాదమ్మా," అన్నారాయన.

ఇరవయ్యో అధ్యాయంలో సాతాను బంధకంలో ఉండే, క్రీస్తు ఏలే వెయ్యేళ్ల సంగతి ఎవరో అడిగారు. విజయవాడలో దాన్ని క్రీస్తు రాకడ తర్వాత భూమి మీద జరిగే పరిపాలనగా లెక్కలు కట్టి చెప్పారు. ఈయన లూథరన్ల విశ్వాసాన్ని రాసిపెట్టిన 1530 ఔగ్స్‌బర్గ్ విశ్వాస ప్రకటన పదిహేడో అంశం చూపించి, పునరుత్థానానికి ముందు భక్తులు లోకాన్ని ఏలతారన్న బోధని లూథరన్లు ఒప్పుకోరన్నారు. అక్కడితో వాదన పెంచలేదు. ఇరవయ్యో అధ్యాయం చదివించి "వాణ్ని సంకెళ్లతో కట్టిందెవరు?" అన్నారు. ఒక దూత. పేరు కూడా లేదు. ఇన్నేళ్లుగా చదువుతున్నా నా కళ్లు ఆ మాట మీద ఆగలేదు. చివరికి అగ్నిగుండంలో పడతాడన్న పదో వచనం దగ్గర మాత్రం రెండు ఊళ్ల బోధా ఒకటే.

అందరూ లేచాక చెల్లి ఉండిపోయింది. "అయ్యగారూ, నాకు మూర్ఛ. ఇది వాడి పనేనా?" అంది. ఆయన మత్తయి 4:24 తీసి వేలు పెట్టారు. దయ్యంపట్టినవారు, చాంద్రరోగులు (మూర్ఛ ఉన్నవాళ్లు), పక్షవాయువు గలవారు అని విడివిడిగా ఉంది. "పదిహేడో అధ్యాయంలో ఒక చాంద్రరోగిని యేసు దయ్యాన్ని గద్దించి బాగుచేశాడు, అదీ ఉంది, దాచను. కానీ ఆ ఒక్కటీ పట్టుకుని జబ్బు చేసిన ప్రతివాళ్ల మీదా వేస్తే అది అపవాదే. మాత్రలు వేసుకుంటున్నావా తల్లీ?" అన్నారు. వేసుకుంటున్నానంది. "మానొద్దు."

సాయంత్రం కుగ్లర్ ఆసుపత్రి గేటు దాకా నడిచాం. 1883లో అన్నా కుగ్లర్ అనే డాక్టరమ్మ అమెరికా నుంచి ఈ ఊరొచ్చి ఆడవాళ్లకి వైద్యం చేసింది. సాతాను ఓడిపోయాడని నమ్మినవాళ్లే మందులిచ్చే చోటూ కట్టారు. చెల్లి గేటు పట్టుకుని చాలాసేపు నిలబడింది.

ఎవరైనా వెళ్తే నా సలహా: కూడికలకి ఒక రాత్రి చాలు, గుంటూరులో రెండు రాత్రులు పెట్టుకోండి. తిరుగు గోల్కొండ గుంటూరులో తెల్లవారుజామునే బయల్దేరుతుంది, ఆటో ముందురోజే చెప్పుకోవాలి. మాకు లాడ్జివాళ్లే పిలిపించారు.

బండి విజయవాడ దాటాక చెల్లి సంచిలోంచి మాత్రల డబ్బా తీసింది. ఎప్పుడూ కిటికీవైపు తిరిగి వేసుకునేది. ఎదురు సీటావిడ "దేనికమ్మా?" అంది. "మూర్ఛకండీ" అంది చెల్లి. బయటివాళ్లతో అది ఆ మాట అనడం ఎనిమిదేళ్లలో నేను వినడం అదే మొదలు.