ల్యాప్‌టాప్‌కు ఫోన్ నెట్: హాట్‌స్పాట్ కన్నా కేబులే నయం

హనుమకొండలో నాలుగేళ్లుగా బ్రాడ్‌బ్యాండ్ లేకుండా, ఫోన్ నెట్ మీదే ల్యాప్‌టాప్ పనంతా నడుస్తోంది. వైఫై హాట్‌స్పాట్, యూఎస్‌బీ టెథరింగ్ (ఫోన్ నెట్‌ను కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కు ఇవ్వడం), బ్లూటూత్ మూడూ వాడినంక తేలింది ఒక్కటే: రోజూ గంటలకొద్దీ పని ఉన్నవాళ్లకు కేబులే దిక్కు. హాట్‌స్పాట్ అక్కరకు పనికొస్తుంది, అంతే. బ్లూటూత్ వేగం మెయిల్ చూసుకోవడానికి మాత్రమే సరిపోతుంది.

కేబుల్‌తో ఫోన్‌ను ల్యాప్‌టాప్‌కు కలిపి, ఫోన్ సెట్టింగ్స్‌లో 'హాట్‌స్పాట్ అండ్ టెథరింగ్'లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే కొన్ని సెకన్లలో విండోస్‌లో ఈథర్‌నెట్ (వైరు నెట్) గుర్తు వస్తుంది. పాస్‌వర్డ్ గొడవ లేదు. లైనక్స్‌లోనూ ఇంతే. మ్యాక్‌లో మాత్రం చాలా ఆండ్రాయిడ్ ఫోన్లు కేబుల్‌తో నేరుగా పనిచేయవు, అక్కడ హాట్‌స్పాటే వాడాలి.

ఫోన్‌లో టెథరింగ్ బటన్ బూడిద రంగులో ఉండి, నొక్కినా ఆన్ కాకపోతే ముందు అనుమానించాల్సింది కేబుల్‌నే. చార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే చవక కేబుళ్లలో డేటా తీగలు అసలే ఉండవు. కొనేటప్పుడే షాపులో ఫోన్‌ను కంప్యూటర్‌కు పెట్టి, 'ఫైల్ ట్రాన్స్‌ఫర్' నొక్కి ఫొటోల ఫోల్డర్ తెరుచుకుంటుందేమో చూడండి. తెరుచుకుంటే తీసుకోవచ్చు. కేబుల్ మంచిదే అయినా ల్యాప్‌టాప్ కాస్త కదిలితే నెట్ తెగుతోందంటే ఫోన్ పోర్టులోకి తొంగిచూడండి. జేబులోని నూగు అడుగున గట్టిగా అణిగి ఉంటుంది, పిన్ను పూర్తిగా లోపలికి దిగదు. ఫోన్ స్విచాఫ్ చేసి, అగరుబత్తి వెదురుపుల్ల కొనను సన్నగా చెక్కి మెల్లగా గీకితే ఉండలుగా బయటికొస్తుంది. సూది, పిన్నీసు మాత్రం పెట్టొద్దు.

డేటా మింగేది మన పని కాదు, విండోసే. రోజుకు 1.5 జీబీ ప్యాక్ ఉన్నప్పుడు వెనకాల ఒక అప్‌డేట్ మొదలైతే మధ్యాహ్నానికే కోటా ఖాళీ. ఆ తర్వాత వచ్చే 64 కేబీపీఎస్ వేగంలో ఒక్క పేజీ కూడా సరిగ్గా తెరుచుకోదు. అందుకే విండోస్ నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో 'మీటర్డ్ కనెక్షన్' (ఈ నెట్‌కు డేటా పరిమితి ఉందని విండోస్‌కు చెప్పేది) ఆన్ చేసి పెట్టండి. చాలామంది వైఫైకి పెట్టి వదిలేస్తారు. కేబుల్ ఈథర్‌నెట్ కింద వస్తుంది కాబట్టి దానికి విడిగా పెట్టాలి. పైగా కొన్ని ఫోన్లు కలిపిన ప్రతిసారీ కొత్త నెట్‌వర్క్‌లా కనిపిస్తాయి, 'నెట్‌వర్క్ 2', 'నెట్‌వర్క్ 3' అంటూ పేరు మారుతుంది, పెట్టిన సెట్టింగ్ పోతుంది. పేరు మారిందేమో రోజూ ఒకసారి చూసుకోక తప్పదు.

ఫోన్ ఎక్కడ పెడుతున్నామన్నది ప్యాక్ కన్నా ముఖ్యం. 'అబౌట్ ఫోన్'లో సిమ్ స్టేటస్ తెరిస్తే సిగ్నల్ బలం డీబీఎం అనే కొలతలో కనిపిస్తుంది, మైనస్ పక్కన అంకె ఎంత చిన్నదైతే సిగ్నల్ అంత మంచిది. లోపలి అర్రలో మైనస్ 112 ఉన్నది వీధివైపు కిటికీ దగ్గర మైనస్ 98కి వస్తే వీడియో మీటింగ్ ఆగకుండా సాగుతుంది. రెండు మీటర్ల మంచి కేబుల్ ఉంటే ఫోన్ కిటికీ దగ్గర, మనం బల్ల దగ్గర. 5జీ వస్తూ పోతూ ఉండే చోట ఫోన్‌ను 4జీకే పరిమితం చేస్తే వేగం తగ్గినా నెట్ నిలకడగా ఉంటుంది. అయితే ఫోన్‌లో సిగ్నల్ గీతలు చూపేది సిగ్నల్ బలాన్నే, టవర్ మీద ఎంతమంది ఉన్నారో చెప్పవు. మేడారం జాతర రోజుల్లో గీతలు నిండుగా ఉన్నా పేజీ కదలకపోవడం అందుకే.

ఎండకాలం సంగతి వేరే. మే నెలలో ఇక్కడ 43, 44 డిగ్రీలు మామూలే. స్లాబ్ కింద అర్రలో చార్జింగ్, హాట్‌స్పాట్, 5జీ మూడూ ఒకేసారి నడిస్తే ఫోన్ చేతిలో పట్టలేనంత కాలుతుంది. ముందు స్క్రీన్ మసకబారుతుంది, తర్వాత చార్జింగ్ ఆగుతుంది, ఆపైన వేగం పడిపోతుంది. నెట్‌వర్క్ బాగాలేదని అందరం తిట్టుకునేది ఆ టైములోనే. కవర్ తీసి, నీడలో ఉన్న బండ మీద బోర్లా పెడితే వేడి దిగుతుంది. పరుపు మీద పెట్టొద్దు. కూలర్ ఉన్న కిటికీ దగ్గరా వద్దు, తడిగాలి పోర్టుకు మంచిది కాదు. ల్యాప్‌టాప్ మామూలు యూఎస్‌బీ పోర్టు ఇచ్చేది ఆంపియర్ లోపే కాబట్టి కేబుల్‌తో ఫోన్‌కు చార్జింగ్ నెమ్మదిగా ఎక్కుతుంది, వేడీ తక్కువ. రోజంతా గుచ్చి ఉంచేవాళ్లు చార్జింగ్ 80 శాతం దగ్గర ఆగే సెట్టింగ్ పెట్టుకోవాలి, లేకుంటే బ్యాటరీ ఉబ్బే ప్రమాదం ఉంది.

హాట్‌స్పాటే వాడాల్సి వస్తే, పేరు ల్యాప్‌టాప్‌లో కనిపించకపోతే బ్యాండ్ 5 గిగాహెర్ట్జ్ నుంచి 2.4కు మార్చండి. పాత ల్యాప్‌టాప్‌లు 5ను పట్టవు. పేరు కనిపించినా కలవకపోతే హాట్‌స్పాట్ సెట్టింగ్స్‌లో సెక్యూరిటీని (పాస్‌వర్డ్ రక్షణ రకం) డబ్ల్యూపీఏ3 నుంచి డబ్ల్యూపీఏ2కి దించండి. డేటా సేవర్ ఆన్‌లో ఉంటే చాలా ఫోన్లలో హాట్‌స్పాట్ అసలే ఆన్ కాదు. కలిసింది కానీ నెట్ రావట్లేదంటే ఫోన్ మొబైల్ నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లోని ఏపీఎన్‌లో (సిమ్ కంపెనీ నెట్‌కు కలిపే వివరాలు) ప్రోటోకాల్‌ను ఐపీవీ4/ఐపీవీ6గా పెట్టి, ఏపీఎన్ టైప్ చివర కామా పెట్టి డీయూఎన్ (ఇంగ్లిష్‌లో dun, టెథరింగ్‌కు వాడే రకం) చేర్చి చూడండి.

రెండు సిమ్‌ల ఫోన్లలో ఇంకో చిక్కుంది. డేటా లేని సిమ్‌కు కాల్ వస్తే, మాట్లాడినంతసేపూ ల్యాప్‌టాప్‌కు నెట్ ఆగుతుంది. 'కాల్స్ సమయంలో డేటా' వంటి సెట్టింగ్ ఉంటే ఆన్ చేయండి. ఎప్‌సెట్ వెబ్ ఆప్షన్లు గానీ, దోస్త్‌లో (డిగ్రీ అడ్మిషన్ల సైట్) కాలేజీలు గానీ నింపేటప్పుడు ఆ రెండో సిమ్‌ను ఆపేయడమే మేలు. మధ్యలో ఫ్లైట్ మోడ్ నొక్కితే ఐపీ మారి సైట్ మళ్లీ లాగిన్ అడగొచ్చు, అందుకే ప్రతి పది ఆప్షన్లకూ ఒకసారి సేవ్ చేస్తూ పోండి.