బ్లాక్ ఫారెస్ట్‌లో సీజన్ తొలి రైడ్: లోయలో పూలు, కొండ మీద మంచు

నవంబర్‌లో దుప్పటి కప్పి పడుకోబెట్టిన బండిని ఏప్రిల్‌లో లేపితే ముందు మొరాయించేది బ్యాటరీయే. నా ఇంటర్‌సెప్టర్ బైక్ బటన్ నొక్కితే టిక్ టిక్ మని రెండుసార్లు అని ఊరుకుంది. కిక్కర్ లేని బండి. పద్నాలుగు మంది జర్మన్లు హెల్మెట్లు చేత పట్టుకుని నా వంకే చూస్తున్నారు. "తోసేద్దామా అన్నా?" అన్నాడు గుంటూరు తమ్ముడు. చివరికి క్లబ్ పెద్దాయన తన వ్యాన్ నుంచి జంపర్ కేబుల్ తెచ్చి స్టార్ట్ చేయించారు. చలికాలమంతా చార్జర్‌కి తగిలించి ఉంచమని ఆయన అక్టోబర్‌లోనే చెప్పారు. విననిది నేనే.

స్టట్‌గార్ట్‌లో మా క్లబ్ ప్రతి ఏడూ ఏప్రిల్ మూడో వారంలో సీజన్ మొదలుపెడుతుంది. ఎక్కువ మంది రిటైరైనవాళ్ళు, తెలుగువాళ్ళం ఇద్దరం. ఈసారి శుక్రవారం నుంచి ఆదివారం దాకా బ్లాక్ ఫారెస్ట్ అనే కొండల అడవి ప్రాంతం. ఎక్కడ ఉన్నాం, ఏది బాగుంది, ఏది డబ్బు దండగ అన్నది రాసి పెడితే ఇక్కడ బండి కొన్న మనవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు కాగితాల సంగతి. ఇండియా లైసెన్స్‌తో ఇక్కడ కాపురం పెట్టిన ఆరు నెలల వరకే నడపొచ్చు. ఆ తర్వాత జర్మన్ లైసెన్స్ తీసుకోవాల్సిందే, మనకి థియరీ, రోడ్డు టెస్టు రెండూ ఉంటాయి. ఇంకోటి సీజన్ నంబర్ ప్లేటు. ప్లేటు కుడి అంచున ఒకదాని మీద ఒకటి రెండు చిన్న అంకెలు ఉంటాయి. నాది 04, దాని కింద 10. అంటే ఏప్రిల్ ఒకటి నుంచి అక్టోబర్ ఆఖరు వరకే ఆ బండికి రోడ్డు మీద హక్కు. పన్ను, ఇన్సూరెన్సు ఆ నెలలకే కడతాం. మిగతా నెలల్లో నడపడమే కాదు, వీధిలో పార్క్ చేసినా తప్పే. మార్చిలో ఎండ కాసినప్పుడు కిటికీలోంచి బండిని చూస్తూ కూర్చోవడం ఎలా ఉంటుందో ఈ ప్లేటు ఉన్నవాళ్ళకే తెలుస్తుంది.

బయలుదేరే ముందు ఊరి చర్చి ఫాదర్ వచ్చి బళ్ళకి దీవెన చెప్పి, మంత్రించిన నీళ్ళు చల్లారు. సీజన్ మొదట్లో ఇక్కడ చాలా ఊళ్ళలో ఇలా చేస్తారు. మా దసరా వాహన పూజ గురించి పెద్దాయనకి చెబితే, నిమ్మకాయలు ఎందుకు తొక్కిస్తారని గుచ్చి గుచ్చి అడిగారు. తమ్ముడు జేబులోంచి రెండు నిమ్మకాయలు తీశాడు! ఇంటి నుంచే తెచ్చుకున్నాడట. నా ముందు చక్రం కింద ఒకటి పెట్టాం. బ్యాటరీ చచ్చిన బండికి ఆ మాత్రం అవసరమే అన్నారు ఎవరో. అందరూ నవ్వారు.

మొదటి రోజు: పేరున్న రోడ్డు

నాగోల్డ్ మీదుగా ఫ్రాయ్డెన్‌స్టాట్ చేరేసరికి పదకొండున్నర. 1599లో వ్యూర్టెంబెర్గ్ ప్రభువు మొదటి ఫ్రీడ్రిష్ కట్టించిన ఊరు. మధ్యలో ఉన్న చౌకు జర్మనీలోకెల్లా పెద్దదంటారు, చుట్టూ వరండాల ఇళ్ళు. 1945 ఏప్రిల్‌లో ఊరు దాదాపు కాలిపోతే మళ్ళీ కట్టుకున్నారు. కాఫీ తాగడానికి, కాళ్ళు చాపుకోవడానికి మంచి చోటు. అరగంట చాలు.

అక్కడి నుంచి క్నీబిస్ కొండ ఎక్కి బీ500 అందుకున్నాం. బాడెన్-బాడెన్ నుంచి ఫ్రాయ్డెన్‌స్టాట్ దాకా కొండ వెన్ను మీద పోయే రోడ్డు ఇది, సుమారు 60 కిలోమీటర్లు. ఫొటోల్లో చూసినవాళ్ళందరూ మొదట దీనికే వస్తారు. ఏప్రిల్‌లో దీనికి రావద్దని నా సలహా.

ఎందుకంటే ఎత్తు. 100 మీటర్లు ఎక్కితే సుమారు అర డిగ్రీ పైనే చల్లబడుతుంది. కింద రైన్ నది మైదానంలో 17 డిగ్రీలుంటే, 1036 మీటర్ల ఎత్తులో ఉన్న ముమ్మెల్‌జే సరస్సు దగ్గర 11 కూడా ఉండదు, గాలి అదనం. ఎండ తగలని మలుపుల్లో మంచు ముద్దలు ఇంకా కరుగుతున్నాయి, ఆ నీళ్ళు రోడ్డుకి అడ్డంగా పారుతున్నాయి. పైగా చలికాలంలో జారకుండా చల్లిన సన్న కంకర మలుపుల లోపలి అంచున మిగిలిపోయి ఉంటుంది. చల్లటి టైరు, ఆ కంకర కలిస్తే చాలు. నా వెనక చక్రం ఒకసారి గుప్పెడంత పక్కకి జరిగింది. ఏమీ కాలేదు కానీ, ఆ తర్వాత పది కిలోమీటర్లు నేను కొండల్ని చూడలేదు, రోడ్డునే చూశాను.

గుంపులో నడపడం గురించి ఒక మాట. మన దగ్గరలా పక్కపక్కన మాట్లాడుకుంటూ పోవడం కుదరదు. ఒకరు లేన్ ఎడమ సగంలో ఉంటే వెనకవాళ్ళు కుడి సగంలో, మధ్య కనీసం రెండు సెకన్ల దూరం. అందరికంటే అనుభవం ఉన్నాయన నారింజ రంగు జాకెట్‌తో చివర వస్తారు, కొత్తవాళ్ళు లీడర్ వెనకే ఉండాలి. తమ్ముడికి ఇది మొదటి సీజన్. ఎదురొచ్చే ప్రతి బైకర్ ఎడమ చెయ్యి కిందికి చాపి పలకరిస్తుంటే, తిరిగి చెయ్యి చాపబోయి మలుపులో టెన్షన్ పడ్డాడు. "పలకరింపు తర్వాత, హ్యాండిల్ ముందు" అని పెద్దాయన తర్వాత నెమ్మదిగా చెప్పారు.

బీ500 పక్కన నాకు నచ్చింది ఒక్కటే, లోథార్ దారి. 1999 డిసెంబర్ 26న వచ్చిన తుఫాను పేరు లోథార్. పడిపోయిన చెట్లని పడినట్టే వదిలేసి, సుమారు పది హెక్టార్ల అడవిలో ఏమవుతుందో చూద్దామని ఊరుకున్నారు. 2003లో దాని మధ్యగా చెక్క మెట్లతో కాలిబాట వేశారు. కుళ్ళిన దుంగ మీద దేవదారు లాంటి ఫర్ చెట్టు మొక్క వేలెడంత, దాని పక్కనే నా భుజం ఎత్తు మొక్క. రైడింగ్ బూట్లతో అరగంట నడక. టిక్కెట్టు లేదు.

ముమ్మెల్‌జే దగ్గర ఆపకుండా ఉంటే బాగుండేది. సరస్సు చిన్నది, పార్కింగ్ పెద్దది. వందల బళ్ళు. నీళ్ళలో జలకన్యలుంటారని కథ. ఆ రద్దీ చూస్తే వాళ్ళు ఎప్పుడో ఇల్లు మారి ఉంటారనిపిస్తుంది. చెర్రీ కేకు మాత్రం బాగుంది.

ఆ రాత్రి బస కొండ మీదే, "బైకర్లకు స్వాగతం" బోర్డు ఉన్న ఒక హోటల్లో. ఇద్దరికి గది 124 యూరోలు. బోర్డు చూసి మేం అనుకున్నవి మూడు: బళ్ళకి కప్పున్న చోటు, తడి బట్టలు ఆరేసుకునే గది, తెల్లారి టైర్లలో గాలి చూసుకునే వీలు. ఒక్కటీ లేదు. బళ్ళు ఆరుబయటే. గ్లవ్స్ ఆరబెట్టుకోవడానికి రేడియేటర్ తిప్పితే చల్లగా ఉంది. చలికాలపు సీజన్ అయిపోయిందని హీటింగ్ తగ్గించామన్నారు రిసెప్షన్‌లో. వాళ్ళకి సీజన్ అయిపోయింది, మాకు అప్పుడే మొదలైంది! పొద్దున సీటు మీద మంచు పొర గోకి తీసి కూర్చున్నాను. కిటికీలోంచి లోయ అద్భుతంగా కనిపించిన మాట నిజమే. ఆ లోయలోనే బస చేసి ఉండాల్సింది.

రెండో రోజు: లోయలు

జాస్‌బాఖ్‌వాల్డెన్ వైపు దిగుతుంటే పావుగంటకోసారి ఒక నెల ముందుకి వెళ్తున్నట్టుంది. మొదట నల్లటి ఫర్ చెట్లు, తర్వాత లేత ఆకుల బీచ్ అనే చెట్లు, తర్వాత ద్రాక్ష తోటలు, అడుక్కి వచ్చేసరికి ఒక్కసారిగా తెల్లగా చెర్రీ పూత. హెల్మెట్ అద్దం ఎత్తితే వాసన తెలుస్తోంది. జాకెట్ లోపలి లైనింగ్ తీసేయడానికి అందరం ఒకేసారి ఆగాం, ఎవరూ చెప్పకుండానే. ఆఖెర్న్ నుంచి ఓబెర్‌కిర్ఖ్ దాకా దారికి రెండు పక్కలా పండ్ల తోటలే. రోడ్డు పొడిగా, కంకర లేకుండా ఉంది. సీజన్ తొలి రైడ్‌కి కావలసింది ఇదే కదా అనుకున్నాను.

ఒప్పెనౌ నుంచి పక్కకి తిరిగితే అల్లర్‌హైలిగెన్. పన్నెండో శతాబ్దం చివర్లో పెట్టిన మఠం, 1803లో మూతపడింది, మరుసటి ఏడే పిడుగు పడి కాలింది. పైకప్పు లేని గోడల మధ్య నిలబడితే కింద జలపాతం హోరు వినిపిస్తుంది. మంచు కరిగే రోజులు కాబట్టి నీళ్ళు నిండుగా ఉన్నాయి. మెట్లు తడిగా ఉంటాయి, బైక్ బూట్లతో జాగ్రత్త.

ఒప్పెనౌ వెనక్కి వచ్చి లోఖెర్‌బెర్గ్ ఎక్కి ఓబెర్‌హార్మెర్స్‌బాఖ్‌లో దిగే రోడ్డు ఈ యాత్ర మొత్తంలో నాకు ఎక్కువ నచ్చిన ముక్క. పోస్టర్లలో కనిపించదు. మలుపు వెనక మలుపు, ప్రతి మలుపూ ముందే కనిపిస్తుంది, ట్రాఫిక్ లేదు. నాలుగు పదుల వేగం మించకుండా నడిపిన తమ్ముడు కూడా కింద దిగాక హెల్మెట్ తీసి, "ఇంకోసారి ఎక్కుదామా అన్నా" అన్నాడు.

భోజనం దగ్గర ఒక హెచ్చరిక. పల్లె హోటళ్ళలో మధ్యాహ్నం రెండు దాటితే వంటిల్లు మూసేస్తారు, మళ్ళీ సాయంత్రమే. వారంలో ఒకటి రెండు రోజులు పూర్తి సెలవు కూడా ఉంటుంది, తలుపు మీద రాసి పెడతారు. మేం రెండుంబావుకి వెళ్ళి మూడు చోట్ల తిరిగొచ్చాం. చివరికి ఒక బేకరీలో బ్రెట్సెల్, అంటే ముడి వేసినట్టుండే ఉప్పు రొట్టె, తిన్నాం. గుడ్డు తినే శాకాహారులకి ఈ ప్రాంతంలో చీజ్ వేసిన ష్పెట్స్‌లె (గుడ్డు, పిండి కలిపి చేసే మెత్తటి నూడుల్స్) ఎక్కడైనా దొరుకుతుంది. మొదటి రెండు పూటలూ బాగుంటుంది. మూడో పూటకి తమ్ముడి బ్యాగులోని ఆవకాయ సీసా బయటికొచ్చింది, జర్మన్లు కూడా చెంచాతో అడిగి వేసుకున్నారు. ఒకాయన కళ్ళు తుడుచుకుంటూనే రెండోసారి వేసుకున్నారు.

హోర్న్‌బెర్గ్ దగ్గర ఒక రైతు ఇంట్లో రెండో బస. ఇద్దరికి 78 యూరోలు, టిఫిన్‌తో కలిపి. నగదే, కార్డు లేదు. గది చిన్నది, మంచం కిర్రుమంటుంది, వైఫై మెట్ల మీదే వస్తుంది. కానీ మేం దిగేలోపే ఇంటావిడ పశువుల కొట్టం తలుపులు బార్లా తీసి పెట్టింది. పదహారు బళ్ళూ లోపల గడ్డి మోపుల పక్కన వరసగా నిలబడ్డాయి. సైడ్ స్టాండ్ మెత్తటి నేలలో దిగబడకుండా ఒక్కొక్క బండికీ చెక్క ముక్క ఇచ్చింది. ఆ చెక్క ముక్కలు నూనె మరకలతో నల్లగా ఉన్నాయి, అంటే ఎన్నో ఏళ్ళ నుంచి ఇస్తోందన్నమాట. బాయిలర్ గదిలో తీగలు కట్టి ఉన్నాయి, గ్లవ్స్ వేళ్ళు పైకి ఉండేలా దూర్చడానికి చెక్క మేకులు కూడా. ఇంటి బయట స్వాగతం బోర్డేమీ లేదు.

మధ్యాహ్నం మూడున్నరకి వాన మొదలైంది. బళ్ళు కొట్టంలో వదిలేసి రైలెక్కాం. బ్లాక్ ఫారెస్ట్‌లో చాలా ఊళ్ళలో రాత్రి బస చేస్తే టూరిస్టు పన్నుతో పాటు కోనుస్ అనే గెస్ట్ కార్డు ఇస్తారు, దాంతో స్థానిక బస్సులు, రైళ్ళు ఉచితం. బైకర్లం కదా మాకెందుకని మొదటి హోటల్లో పట్టించుకోలేదు. ఇంజనీర్ రాబర్ట్ గెర్విగ్ వేసిన ఈ రైలు మార్గం 1873లో పూర్తయింది. సొరంగంలో దూరి బయటికొస్తే ఇందాకటి చర్చి గోపురం అటు పక్క నుంచి కనిపిస్తుంది, అంతలా మెలికలు తిరుగుతూ ఎక్కుతుంది. ట్రీబెర్గ్‌లో దిగి 163 మీటర్ల జలపాతం చూశాం, దానికి టిక్కెట్టు ఉంది. ఊళ్ళో కోకిల గడియారాల కొట్లు ఒకదాన్ని మించి ఒకటి కూస్తుంటాయి. రైలు ప్రయాణమే జలపాతం కంటే బాగుంది.

మూడో రోజు: మారిన దారి

రాత్రి భోజనాల దగ్గర ఇంటావిడ మ్యాప్ చూసి, "రేపెక్కడికి?" అని అడిగింది. పెద్దాయన గర్వంగా షౌఇన్స్‌లాండ్ అన్నారు. ఆవిడ తల అడ్డంగా ఊపింది. ఫ్రైబుర్గ్ నుంచి ఆ కొండెక్కే రోడ్డు ఒకప్పుడు కార్ రేసుల దారి. ఏప్రిల్ 1 నుంచి నవంబర్ 1 దాకా శని, ఆది, సెలవు రోజుల్లో దాని మీద మోటార్ సైకిళ్ళు నిషేధం. మా ఫోన్లలోని మూడు యాప్‌లలో ఒక్కటీ ఈ మాట చెప్పలేదు. బైకుల మోతతో ఆదివారాలు నిద్ర లేని ఊళ్ళవాళ్ళ కోపం వల్ల ఇలాంటి నిషేధాలు ఉన్నాయని ఆవిడ మొహమాటం లేకుండానే చెప్పింది. పెద్ద మోత చేసే సైలెన్సర్ పెట్టుకున్న మా గుంపులో ఒకాయన తల ఎత్తకుండా కంచం వైపే చూస్తూ తిన్నారు. వారాంతంలో వెళ్ళేవాళ్ళు బయలుదేరే ముందు ఈ నిషేధాలు చూసుకోండి.

అందుకని ఫుర్ట్‌వాంగెన్ వైపు తిరిగాం. అక్కడి గడియారాల మ్యూజియంలో గంటన్నర ఇట్టే గడిచింది. టిటిజే సరస్సు దగ్గర ఆదివారం జనం, ముమ్మెల్‌జే కథే, బండి ఆపలేదు. డోనౌఎషింగెన్‌లో మాత్రం ఆగాం. బ్రెగ్, బ్రిగాఖ్ అనే రెండు ఏర్లు ఇక్కడ కలిశాకే డాన్యూబ్ నది అంటారు. తమ్ముడు ఒడ్డున కూర్చుని నీళ్ళలో చెయ్యి పెట్టి, "గోదావరి పుట్టిన చోటుకి ఇంతవరకు వెళ్ళలేదన్నా, దీని దగ్గరికి వచ్చేశా" అన్నాడు.

ఆదివారం సూపర్ మార్కెట్లన్నీ మూసి ఉంటాయి, నీళ్ళూ బిస్కెట్లూ కావాలంటే పెట్రోల్ బంకే గతి. ఏ81 హైవే ఎక్కి సాయంత్రం ఆరింటికి ఇంటికి చేరాను. వచ్చే ఏడుకి హోర్న్‌బెర్గ్ కొట్టంలో పదహారు బళ్ళకి చోటు పెద్దాయన అప్పుడే చెప్పేశారట, ఈసారి రెండు రాత్రులకీ. నేను మాత్రం జాకెట్ కూడా విప్పకుండా బ్యాటరీకి చార్జర్ తగిలించాను.